పదిమందిలో ఆ ఒక్కరు

మంచి ముహూర్తం ఉన్న రోజున బాసర వెళ్తే అక్షరాభ్యాసాలు జరిగేచోట కాలు పెట్టడానికి సందుండదు. వరసగా తల్లిదండ్రులు, వాళ్ల ఒళ్లో పిల్లలు, ముందు పలక, బలపం, పళ్లెంలో బియ్యం. తండ్రి పిల్ల కుడిచేయి పట్టుకుని బియ్యంలో మొదటి అక్షరం దిద్దిస్తాడు. కాసేపు నిలబడి చూస్తే చాలు, ఎవరో ఒక పిల్ల ఎడమచేయి చాస్తుంది. ‘ఆ చెయ్యి కాదమ్మా, ఈ చెయ్యి’ అని ఎవరో నవ్వుతూనే దాన్ని వెనక్కి తీసి, కుడిచేతిని ముందుకు లాగుతారు. అప్పటిదాకా తనకు రెండు చేతులున్నాయనే ఆ పిల్లకు తెలుసు. వాటిలో ఒకటి పనికిరానిదని తెలిసేది ఆ నిమిషంలోనే.

ఇలాంటి పిల్లలు ఎంతమంది? 2020లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ రెండువందల దాకా అధ్యయనాలను, 20 లక్షలకు పైగా మనుషుల లెక్కలను ఒకచోట చేర్చింది. ఎడమచేతివాటం గలవాళ్లు సగటున 10.6 శాతం అని తేలింది. మగవాళ్లలో ఆడవాళ్లకంటే కాస్త ఎక్కువ. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 8.46 కోట్లమంది ఉన్నారు. పదో వంతు అనుకున్నా 80 లక్షలు దాటుతారు. ఇంతమంది ఉండాల్సిన చోట, ఎడమచేత్తో రాసేవాడు తరగతికి ఒకడు కనబడితే మిగతావాళ్లంతా తలలు తిప్పి చూస్తారు. మిగిలిన పుర్రచేతివాళ్లంతా ఏమయ్యారు? ఎక్కడికీ పోలేదు. కుడిచేత్తో రాస్తున్నారు, అంతే.

ఈ వాటం అలవాటని, గారాబం వల్ల వచ్చిందని, చంకనెత్తుకున్న తల్లి చూసుకోకపోవడం వల్ల వచ్చిందని మన ఇళ్లలో రకరకాల కారణాలు చెబుతారు. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో పీటర్ హెప్పర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పుట్టకముందే చూడగలిగాడు. గర్భస్థ శిశువులను అల్ట్రాసౌండ్‌లో గమనిస్తే పదిహేనో వారానికల్లా బొటనవేలు చీకడం కనిపిస్తుంది. చాలామంది కుడి బొటనవేలే నోట్లో పెట్టుకుంటారు, కొద్దిమంది ఎడమది. అలా చూసిన వాళ్లలో 75 మందిని హెప్పర్ బృందం పది పన్నెండేళ్ల వయసులో మళ్లీ కలిసింది. కడుపులో కుడి బొటనవేలు చీకిన 60 మందిలో ఒక్కరు కూడా తప్పకుండా అందరూ కుడిచేతివాటంవాళ్లే అయ్యారు. ఎడమ వేలు చీకిన 15 మందిలో పదిమంది ఎడమచేతివాటం, అయిదుగురు కుడి.

ఆ అయిదుగురిని కాస్త పట్టించుకోవాలి. కుడివైపు మొదలైనవాళ్లు ఒక్కరూ ఎడమకు రాలేదు, ఎడమవైపు మొదలైనవాళ్లలో మూడోవంతు మంది కుడికి మళ్లారు. లోకమంతా కుడివైపు వాలి ఉన్నప్పుడు జరిగేది ఇదేనేమో అనిపిస్తుంది. 75 మందితో అంత ధైర్యంగా చెప్పలేం గానీ, వేలు చీకే శిశువుకు బలపం తెలియదు, పంతులుగారు తెలియదు, గారాబమూ తెలియదు. ఆ మాత్రం ధైర్యంగానే చెప్పొచ్చు.

మరి వంశపారంపర్యమా? కొంతవరకు. తల్లిదండ్రులిద్దరూ కుడిచేతివాళ్లయితే బిడ్డ ఎడమచేతివాటంతో పుట్టే అవకాశం పదింట ఒకటి ఉంటుంది. ఇద్దరూ ఎడమచేతివాళ్లయితే నాలుగింట ఒకటి. అంటే ఇద్దరు పుర్రచేతివాళ్లు పెళ్లి చేసుకున్నా పిల్లల్లో ఎక్కువమంది కుడిచేతివాళ్లే. ఒకే అండం నుంచి వచ్చిన కవలల్లోనే ఒకరు కుడి, ఒకరు ఎడమ కావడం తరచూ జరుగుతుంది. జన్యువుల వాటా పాతిక శాతం దగ్గర ఉంటుందని అంచనా. మిగతాదంతా పిండం ఎదిగే క్రమంలో జరిగే చిన్నచిన్న యాదృచ్ఛిక సంగతులు. ‘ఎడమచేతి జన్యువు’ అని ఒకటుంటుందని ఒకప్పుడు వెతికారు. 17 లక్షలమందికి పైగా జన్యు సమాచారం వడపోసిన తరువాత తేలింది ఏమిటంటే, అలాంటి చోట్లు కనీసం 41 ఉన్నాయి, ఒక్కొక్కటి చేసేది ఇసుమంత. వాటిలో కొన్ని మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని గొట్టాలకు సంబంధించినవి. కణం తన ఆకారం నిలబెట్టుకోవడానికి, లోపల సరుకు చేరవేసుకోవడానికి వాడుకునే గొట్టాలు ఇవి. మెదడు ఎదిగేటప్పుడు నరకణాలు ఎటు సాగాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించడంలో వీటికి పాత్ర ఉంది. చేతివాటం చేతిలో లేదని అందుకే అంటారు.

మెదడు మాట వచ్చింది కాబట్టి ఒక అపోహ ఇక్కడే తేల్చేద్దాం. మాట్లాడే శక్తికి మెదడు ఎడమ సగంలో ఒక చోటుందని 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా చూపించాడు. ఆయన రోగి ఏం అడిగినా ‘టాన్, టాన్’ అని మాత్రమే అనగలిగేవాడు. చనిపోయాక మెదడు చూస్తే ఎడమవైపు ముందుభాగం చెడిపోయి ఉంది. శరీరంలో కుడి సగాన్ని మెదడు ఎడమ సగం నడుపుతుంది కాబట్టి, ఎడమచేతివాళ్లకు అంతా తారుమారుగా ఉంటుందని, వాళ్ల భాష కుడి మెదడులో ఉంటుందని చాలామంది నమ్మారు. సోషల్ మీడియాలో ‘కుడి మెదడు మనుషులు’ అంటూ తిరిగే బొమ్మలన్నీ ఆ నమ్మకం పిల్లలే. 2000లో జర్మనీలో జరిగిన ఒక పరిశోధన కొలిచి చూస్తే, గట్టి కుడిచేతివాటం ఉన్నవాళ్లలో 4 శాతం మందికి, గట్టి ఎడమచేతివాటం ఉన్నవాళ్లలో 27 శాతం మందికి భాష కుడి మెదడు చేతిలో ఉంది. తేడా ఉన్నమాట నిజమే. కానీ ఎడమచేతివాళ్లలోనూ ముప్పావు వంతు మందికి భాష ఎడమవైపే ఉంది. వాళ్లు అద్దంలో ప్రతిబింబాలు కారు. ఒకరితో ఒకరు కూడా పోలిక లేనంత రకరకాలుగా ఉంటారు.

ఇక చేయి మార్పించడం సంగతి. ఇది మన ఒక్కరి ఘనత కాదు. విక్టోరియా రాణి చివరి రోజుల బ్రిటన్‌లో ఎడమచేతివాళ్లు 3 శాతం లెక్కకొచ్చేవారు. అమెరికాలో 1986లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక పది లక్షలమందికి పైగా పాఠకుల నుంచి తెప్పించుకున్న ప్రశ్నావళిలో, శతాబ్దం మొదట్లో పుట్టిన ముసలివాళ్లలో ఎడమచేత్తో రాసేవాళ్లు నూటికి ముగ్గురు నలుగురు, కుర్రవాళ్లలో పన్నెండుమంది దాకా ఉన్నారు. తైవాన్‌లో 1976లో చూస్తే ఎడమచేత్తో రాసే, తినేవాళ్లు నూటికి ఒక్కరు అటూ ఇటూ. ఎవరూ పట్టించుకోని పనుల్లో మాత్రం ఎడమచేయి దర్జాగా బయటికొచ్చింది. బెత్తం ఎక్కడ పడుతుందో అక్కడే చేయి మారింది.

ఈ మార్పు లెక్కను పట్టించుకోకపోతే ఎంత పప్పులో కాలేస్తామో చెప్పే కథ ఒకటుంది. 1991లో స్టాన్లీ కోరెన్, డయాన్ హాల్పెర్న్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లెక్క ప్రచురించారు. దక్షిణ కాలిఫోర్నియాలో చనిపోయిన వెయ్యికి కాస్త తక్కువమంది బంధువులను, ‘మీవాళ్లు ఏ చేయి వాడేవారు?’ అని అడిగారు. కుడిచేతివాళ్లు సగటున 75 ఏళ్లకు, ఎడమచేతివాళ్లు 66 ఏళ్లకు పోయారని తేలింది. తొమ్మిదేళ్ల తేడా! ఇది పొగతాగే అలవాటు మిగిల్చే నష్టానికి దగ్గరదగ్గరగా ఉంటుంది. ప్రపంచమంతా పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. కుడిచేతి యంత్రాల మధ్య ప్రమాదాలు జరుగుతున్నాయి కాబోలు అన్నారు, పుట్టుకలోనే ఏదో లోపం అన్నారు.

తప్పు ఎక్కడుందో చూడటానికి మన ఊళ్లో శ్మశానం రిజిస్టరు ఊహించుకోండి. అందులో పేర్ల ప్రకారం సగటు వయసు కడితే సుబ్బమ్మలు, వెంకయ్యలు 80 ఏళ్లకు, శ్రావ్యలు, సాత్విక్‌లు 20 ఏళ్లకు పోతున్నారని వస్తుంది. సాత్విక్ అని పేరు పెడితే ఆయుష్షు తగ్గుతుందని ఎవరైనా అంటారా? 80 ఏళ్ల సాత్విక్ ఇంకా తయారు కాలేదు, అంతే. కాలిఫోర్నియాలో జరిగిందీ అదే. 1900 ప్రాంతంలో పుట్టిన పుర్రచేతివాళ్లకు బడిలోనే చేయి మార్చేశారు. వాళ్లు తొంభై ఏళ్లు బతికి, కుడిచేతివాళ్ల ఖాతాలో పోయారు. ‘ఎడమచేతివాడు’ అని బంధువులు చెప్పగలిగిన వాళ్లంతా తరువాత పుట్టినవాళ్లు, కాబట్టి చనిపోయినవాళ్లలో వాళ్లది చిన్న వయసే అవుతుంది. తరువాత వచ్చిన పరిశోధనల్లో ఆ తొమ్మిదేళ్ల తేడా నిలబడలేదు. బడిపంతులు బెత్తం వేసిన మచ్చ ఎనభై ఏళ్ల తరువాత వైద్య పత్రికలో ‘జీవశాస్త్రం’గా తేలిందన్నమాట.

చేయి మారిస్తే మనిషి మారతాడా అన్నది ఇంకో ప్రశ్న. జర్మనీలో హార్ట్‌విగ్ సీబ్నర్, ఆ తరువాత స్టెఫాన్ క్లోపెల్ బృందాలు చిన్నప్పుడు బలవంతంగా కుడిచేతికి మార్చిన పెద్దవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి చూశాయి. దశాబ్దాలుగా కుడిచేత్తో చక్కగా రాస్తున్నవాళ్లు వీళ్లు. చేతిని నేరుగా కదిలించే ప్రాంతాలు ఆ అలవాటుకు తగ్గట్టే సర్దుకున్నాయి. కానీ కదలికను ముందుగా పథకం వేసే పైస్థాయి ప్రాంతాల్లో మాత్రం ఎడమచేతివాళ్లలో కనిపించే కుడి మెదడు హడావుడి అలాగే ఉంది. కలం చెయ్యి మారింది. దానికి ఆజ్ఞలిచ్చే చోటు పూర్తిగా మారలేదు.

నైపుణ్యం వేరు, వాటం వేరు అని దీన్నిబట్టి అనుకోవచ్చు. నైపుణ్యం నేర్పితే ఏ చేతికైనా వస్తుంది. 1909 నవంబరులో ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు పోతూ కిల్డోనన్ కాజిల్ అనే ఓడలో గాంధీ ‘హింద్ స్వరాజ్’ రాశాడు. మొత్తం 275 పేజీల రాతప్రతి. కుడిచేయి అలిసిపోయినప్పుడు ఎడమచేతికి మార్చి 40 పేజీల దాకా రాశాడు. ఆయన తన ఇష్టంతో, తన పని కోసం మార్చుకున్నాడు. ఆరేళ్ల పిల్ల చేతిమీద స్కేలు దెబ్బ పడి మారడం దీనికి పూర్తిగా వేరు. చేయి మార్పిస్తే నత్తి వస్తుందన్న మాటకు మాత్రం గట్టి రుజువు లేదు. బ్రిటిష్ రాజు ఆరో జార్జి కథ చూపించి చాలామంది అలా చెబుతారు గానీ, మార్పించకూడదనడానికి నత్తి భయం అక్కర్లేదు. అక్కర్లేని కష్టం పెట్టకూడదన్న కారణం చాలు.

మన పెద్దవాళ్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. సబ్బు లేని, నీళ్లకు కరువైన రోజుల్లో శుభ్రం చేసుకునే చేతిని, అన్నం కలిపే చేతిని విడిగా ఉంచడం తెలివైన పద్ధతే. పంక్తిలో అందరూ ఒకే చేత్తో తింటే పక్కవాడి మోచేయి తగలదు. ఎడమచేతివాటం ఉన్న మనవాళ్లు చాలామంది కుడిచేత్తోనే అన్నం తింటూ ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నారు, ఎందుకంటే ముద్ద కలపడానికి సూదిలో దారం ఎక్కించేంత ఒడుపు అక్కర్లేదు. పేచీ అంతా ఆ నియమం విస్తరి దగ్గర ఆగకుండా పలక మీదికి, చిల్లర ఇచ్చే చేతిమీదికి, కాయితం అందించే చేతిమీదికి పాకడంతోనే వచ్చింది. కలానికీ శౌచానికీ ఏం సంబంధం?

ఇంత ఒత్తిడి ఉన్నా ఈ పదో వంతు ఎందుకు మిగిలి ఉంది? నియాండర్తల్ మనుషుల ముందుపళ్ల మీద గీతలు చూసి వాళ్ల చేతివాటం లెక్కగట్టారు. మాంసమో తోలో పళ్ల మధ్య బిగించి, రాతి కత్తితో కోసేటప్పుడు కత్తి జారి పంటిమీద గీత పడుతుంది. ఆ గీత ఏటవాలును బట్టి కత్తి ఏ చేతిలో ఉందో తెలుస్తుంది. వాళ్లలోనూ పదిలో తొమ్మిదిమంది కుడిచేతివాళ్లే, మిగిలిన ఆ ఒక్కరూ ఉన్నారు. వేల తరాలుగా ఎడమచేతివాటం పెరిగి సగం కాలేదు, తరిగి మాయమూ కాలేదు.

దీనికి ఒక వివరణ అరుదుగా ఉండటంలోనే ఉంది. ముఖాముఖి పోరులో అందరూ కుడిచేతివాళ్లతో తలపడి అలవాటుపడి ఉంటారు. ఎడమచేతివాడు ఎదురైతే దెబ్బ ఊహించని వైపు నుంచి వస్తుంది. ఆ లాభం వాళ్లు తక్కువగా ఉన్నంతసేపే. సంఖ్య పెరిగితే ఎదుటివాళ్లూ అలవాటు పడిపోతారు. పోరాటాల చరిత్రతో దీన్ని రుజువు చెయ్యబోయిన లెక్కల మీద వివాదాలున్నాయి కానీ, క్రీడల్లో మాత్రం ఆనవాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి ఉండే స్క్వాష్‌లో అగ్రశ్రేణి ఎడమచేతివాళ్లు మామూలు జనాభాలో ఉన్నంతే, 9 శాతం. రెప్పపాటు కూడా దొరకని బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్లలో 30 శాతం.

హైదరాబాద్‌లో ఆడి పెరిగిన గుత్తా జ్వాల ఎడమచేతి ఆట గుర్తుందా? అశ్విని పొన్నప్పతో కలిసి 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, మరుసటి ఏడాది లండన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం గెలిచింది. బ్యాడ్మింటన్‌లో ఎడమచేయికి ఇంకో చిన్న విశేషం ఉంది. కాక్‌లో 16 ఈకలుంటాయి. ఒకదాని అంచుమీద ఒకటి, అన్నీ ఒకే వైపు ఒరిగేలా గుచ్చుతారు. అందుకే గాలిలో అది ఎప్పుడూ ఒకే దిశలో గిరగిరా తిరుగుతుంది. కుడిచేత్తో కోసినట్టు కొట్టే దెబ్బ ఆ తిరుగుడుకు ఒక రకంగా కలిస్తే, ఎడమచేతి దెబ్బ దానికి ఎదురు రకంగా కలుస్తుంది. ఎదుటివాళ్లకు కాక్ ఎక్కడ వాలుతుందో అంచనా తప్పేది ఇలాంటి చోటే.

క్రికెట్‌లో వ్యవహారం మరీ తిరకాసు. సచిన్ టెండూల్కర్ రాసేది ఎడమచేత్తో, బ్యాటింగ్ కుడివైపు. సౌరవ్ గంగూలీ కుడిచేతివాటం మనిషి, బ్యాటింగ్ ఎడమవైపు. ఇద్దరికీ బలమైన చేయి బ్యాటు పిడి పైభాగాన ఉంటుంది. బంతికి ఎదురుగా బ్యాటును నడిపించేది ఆ పైచెయ్యే. ఇలా ‘తిరగబడ్డ’ బ్యాటింగ్ తీరు మామూలు ఆటగాళ్లకంటే వృత్తి క్రికెటర్లలో ఏడు రెట్లు ఎక్కువగా కనబడిందని 2016లో ఒక బృందం లెక్క తీసింది. వన్డేల్లో ఓపెనర్లుగా ఆ ఇద్దరూ కలిసి చేసిన పరుగులు 6,609. మన తిలక్ వర్మ కూడా ఎడమవైపు బ్యాటింగ్ చేసి, కుడిచేత్తో బంతి తిప్పుతాడు. క్రికెట్ మైదానం వరకు ఏ చెయ్యి అని ఎవరూ చెవి మెలిపెట్టరు. పరుగులొస్తే చాలు.

ఈమధ్య గాలి రెండోవైపు వీస్తోంది. లియొనార్డో డావించి, అమితాబ్ బచ్చన్, ఒబామా ఫొటోలు పక్కపక్కన పెట్టి ‘ఎడమచేతివాళ్లంతా మేధావులే’ అని పోస్టర్లు వస్తున్నాయి. తెలివితేటల పరీక్షల్లో కుడి, ఎడమ గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. సృజనాత్మకత గురించిన గొప్పలూ నిలకడగా రుజువు కాలేదు. నాకు ఆ పోస్టర్లు బెత్తంకంటే కాస్త మర్యాదైనవిగా కనిపిస్తాయి గానీ, వాటి తర్కం బెత్తానిదే. నువ్వు వేరుగా ఉన్నావు కాబట్టి సంజాయిషీ ఇవ్వు అంటుంది బెత్తం. ఇదిగో నా సంజాయిషీ, నేను డావించి జాతి అంటుంది పోస్టరు. లెక్కల్లో నలభై మార్కులొచ్చే పిల్లకు కూడా తన చేత్తో తాను రాసుకునే హక్కుంది కదా. మేధావి అయితేనే వదిలేస్తామంటే అది వదిలెయ్యడం కాదు.

వదిలెయ్యడం అన్నది పైకి కనిపించేంత తేలికా కాదు, ఎందుకంటే వస్తువులు వదలవు. మామూలు కత్తెర ఒకటి చేతిలోకి తీసుకోండి. కుడిచేత్తో పట్టుకుంటే బొటనవేలు తనకు తెలియకుండానే పిడిని బయటికి తోస్తుంది, మిగతా వేళ్లు లోపలికి లాగుతాయి. ఆ ఒత్తిడికి రెండు అలుగులూ ఒకదానికొకటి ఒరుసుకుని గుడ్డ తెగుతుంది. అదే కత్తెరను ఎడమచేతికి మారిస్తే అవే వేళ్ల బలం అలుగులను విడదీస్తుంది. గుడ్డ తెగకుండా వాటి మధ్య మడతపడి నలుగుతుంది. పైగా కోత గీత పై అలుగు వెనక దాక్కుంటుంది. ‘వీడికి కత్తెర పట్టుకోవడమే రాదు’ అని క్రాఫ్టు క్లాసులో తిట్లు తిన్న పిల్లవాడి లోపం ఇదీ! కాలేజీల్లో కుడివైపు రాతపలక ఉండే కుర్చీలూ ఇదే కోవ. మూడు గంటల పరీక్షలో ఒళ్లు మెలితిప్పి కూర్చోవాలి. పిల్లల కోసం అలుగులు తిరగేసిన ఎడమచేతి కత్తెరలు దొరుకుతాయి, కొనివ్వడం పెద్ద ఖర్చు కాదు.

రాత విషయంలో కొనేదేమీ లేదు. తెలుగు ఎడమనుంచి కుడికి సాగే లిపి కాబట్టి కుడిచెయ్యి కలాన్ని లాగుతూ పోతుంది, ఎడమచెయ్యి తోస్తూ పోతుంది. అప్పుడే రాసిన అక్షరాల మీద చిటికెనవేలి అంచు రాసుకుని సిరా పులుముకుంటుంది. ఆ మరక తప్పించుకోవడానికే పిల్లలు మణికట్టును కొక్కెంలా వంచి పంక్తి పైనుంచి రాస్తారు, పది నిమిషాల్లో చేయి నొప్పెడుతుంది. దీనికి చెయ్యాల్సింది పుస్తకం జరపడం. నోటుబుక్కును ఛాతీకి ఎదురుగా కాక కొద్దిగా ఎడమపక్కకు పెట్టించాలి. పైభాగం కుడివైపు ఒరిగేలా, అంటే ఎడమవైపు పైమూల ఎత్తుగా ఉండేలా తిప్పాలి. పెన్సిలును మొన నుంచి రెండు మూడు సెంటీమీటర్లు పైకి పట్టుకోమనాలి, అప్పుడు రాసేది కళ్లకు కనిపిస్తుంది. చెయ్యి పంక్తికి కిందనే ఉండాలి. పాళీ కలం తోసేటప్పుడు కాయితాన్ని గీరుతుంది, బాల్‌పెన్ను నయం. బెంచీ మీద ఎడమవైపు చివర కూర్చోబెడితే పక్కపిల్ల మోచేతితో గొడవా ఉండదు.